పిల్లలు ఎక్కని ఓడ

స్వరూప ట్రావెల్స్ దుకాణానికి తిరుపతి అని వస్తారు, షిరిడీ అని వస్తారు, కాస్త కలిసొచ్చినవాళ్లు కాశీ అని వస్తారు. ఓడ కావాలని గద్వాలలో ఎవరూ అడిగిన పాపాన పోలేదు. అందుకే ఏప్రిల్ ఎండలో శ్రవణ్ కుమార్ వచ్చి, కుర్చీ ముందుకు లాక్కుని, తమకొక ఓడ చూడమన్నప్పుడు ఆమె ముందు నవ్వింది. పక్క దుకాణంలో జిరాక్సు మిషను ముందు కూర్చున్న నాకూ నవ్వొచ్చింది. మా నడిగడ్డకు అటు కృష్ణ, ఇటు తుంగభద్ర ఉన్నాయి. ఉంటే మాత్రం, సరదా కోసం నీళ్ల మీద నాలుగు రోజులు గడపాలన్న బుద్ధి మాకెప్పుడూ పుట్టలేదు.

శ్రవణ్ కుమార్ విత్తన పత్తి ఆర్గనైజరు. మా వైపు పత్తి పండేది బట్టల కోసం కాదు, విత్తనాల కోసం. కంపెనీ ఇచ్చే ఆడ గింజలను, మగ గింజలను రైతులకు పంచడం, వాటిని కలిపి పండించిన విత్తనాన్ని తిరిగి కంపెనీ గోదాముకు చేర్చడం ఆర్గనైజరు పని. కంపెనీ ఎక్కడుంటుందో రైతుకు తెలియదు, తెలిసిన ముఖం ఆర్గనైజరుదే. వేసవిలో కంపెనీ ఆ విత్తనాన్ని పరీక్ష చేస్తుంది. పాసంటే ఏడాది కష్టం చేతికొచ్చినట్టు. ఫెయిలంటే విత్తనం నూనె మిల్లుకు పోతుంది, రైతు ఉత్త చేతులతో ఇంటికి పోతాడు. ఆ మాట రైతుకు చెప్పాల్సింది కూడా ఆర్గనైజరే.

గద్వాల, వనపర్తి వైపు ఆర్గనైజర్లు పన్నెండు మందికి కంపెనీ ఒక విహారయాత్ర బహుమతిగా ఇచ్చిందట. ఎక్కడికి పోవాలో వాళ్లనే చూసుకోమన్నదట. సొంత డబ్బుతో బ్యాంకాక్ చూసేశారు, గోవా చూసేశారు. ఇక మిగిలింది సముద్రమే అన్నట్టు చెప్పాడు శ్రవణ్ కుమార్. కానీ చెప్పేటప్పుడు అతని ముఖంలో విహారం లేదు. దవాఖానలో ఎవరినో చేర్పించి వచ్చినవాడిలా ఉన్నాడు.

"అక్క, పిల్లలు ఎక్కని ఓడ చూడు. పెద్దోళ్లే ఉండాలె" అన్నాడు.

సరే అంది స్వరూప. మగవాళ్లు పిల్లలు లేని చోటు వెతుక్కుంటున్నారంటే సీసాలు, పేకముక్కలు అని ఆమె అర్థం చేసుకుంది. నేనూ అదే అనుకున్నాను. గద్వాలలో ఎవరినడిగినా అదే అనుకునేవాళ్లు.

స్వరూప గురించి కొంచెం చెప్పాలి. ఆమె పుట్టింది ఐజ దారిలో ఒక చిన్న ఊళ్లో. ఇప్పుడు నలభై దాటింది. పలకా బలపం పట్టుకోవాల్సిన వయసులో పత్తి పూలు పట్టుకుంది. సాయంత్రం ఆడ మొక్కల మొగ్గలు గిల్లి, మరునాడు పొద్దున వాటికి మగ పూల పుప్పొడి అంటించాలి. ఆ పనికి సన్నటి వేళ్లు కావాలి. అందుకని మా ఊళ్లలో ఆడపిల్లల బడి ఆ మూడు నెలలూ పత్తి చేనులోనే సాగేది. ఒక్క మొగ్గ వదిలేస్తే వీపు మీద దెబ్బ పడేది. బడికి పోని పిల్లకు లెక్కలు రావంటారు గానీ, బస్సులో సీట్ల లెక్క స్వరూప దగ్గర ఎప్పుడూ తప్పలేదు.

ఆమెను తెలకపల్లికి ఇచ్చారు. భర్త అచ్చంపేట నుంచి శ్రీశైలం దాకా జీపు నడిపేవాడు. నల్లమల ఘాట్‌లో ఆ జీపు లోయలో పడింది. అత్తగారింట్లో ఆమెకు ఒక మూల కూడా మిగల్లేదు. అప్పుడు అన్న వెంకటన్న ఎవరికీ చెప్పకుండా ఎద్దుల జతను అమ్మి, గద్వాల పాత బస్టాండు దగ్గర ఈ దుకాణం చూసి పెట్టాడు. మంగళవారాలు జమ్ములమ్మ గుడికి జీపులు తిప్పడంతో మొదలైంది. తర్వాత బస్సులు, తర్వాత రైలు టికెట్లు, విమానం టికెట్లు. ఆమెకు నోరు పెద్దది, కోపం ముక్కు మీదే ఉంటుంది. కానీ ఆమెతో యాత్రకు పోయిన ముసలమ్మలు మళ్లీ ఆమెతోనే పోతామంటారు. వెంకటన్న మాత్రం ఎద్దులు అమ్మిన సంగతి ఇప్పటికీ ఎత్తడు. ఎత్తకపోవడమే ఆమెకు బాధ.

ఓడలు చూడడం మొదలుపెట్టింది. హైదరాబాదులో టికెట్లు ఇచ్చే ఏజెన్సీ అమ్మాయికి రోజూ ఫోను చేసి, ఓడలో పప్పన్నం దొరుకుతుందా, వాంతులొస్తే డాక్టరుంటాడా అని సతాయించింది. చివరికి మూడు ఓడలు తేలాయి.

మొదటిది ముంబై నుంచి గోవా మీదుగా లక్షద్వీపాలకు పోయేది. వానలు రాకముందు అదే ఆఖరి ప్రయాణం. మన తిండి ఉంటుంది, మన భాషవాళ్లు ఉంటారు. శ్రవణ్ కుమార్ అదేదీ అడగలేదు. ఫోను పనిచేస్తుందా అని అడిగాడు. తీరానికి దగ్గరగా పోతుంది కనుక చాలాసేపు సిగ్నలు ఉంటుందని ఆమె సంతోషంగా చెప్పింది. అతను వద్దన్నాడు.

రెండోది సింగపూర్ నుంచి పోయే పెద్ద ఓడ. అందులో జారుడు బల్లలున్నాయి, సినిమా హాళ్లున్నాయి, రోజుకొక ఊళ్లో ఆగుతుంది. ఊళ్లో ఆగితే ఫోను మోగుతుంది కదా అన్నాడు. అదీ వద్దన్నాడు.

మూడోది కూడా సింగపూర్ నుంచే. చిన్న ఓడ. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లను ఎక్కనివ్వరు. ఎక్కువగా తెల్ల ముసలివాళ్లు పుస్తకాలు చదువుకుంటూ, ఎండలో పడుకుంటూ పోయే ఓడ అది. వారం రోజులు మధ్యలో ఎక్కడా ఆగదు. నీళ్లు తప్ప ఏమీ కనిపించవు. తిండి చప్పగా ఉంటుందని, ఇంటర్నెట్ విడిగా కొనుక్కోవాలని, మీకు నచ్చదని ఆమె ముందే చెప్పింది. శ్రవణ్ కుమార్ కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంటర్నెట్ ఎవరికీ కొనొద్దన్నాడు. గద్వాల నుంచి ఓడకు ఫోను చేయాలంటే ఏదైనా నంబరుంటుందా అని అడిగాడు. ఆపద వేళకు ఒకటుంటుంది, ఇంట్లోవాళ్లకు ఇస్తానని స్వరూప అంది.

"ఎవలకూ ఇయ్యకు అక్క. ట్రైనింగ్‌కు పోయిండ్రని చెప్పు. హైదరాబాద్‌ల ట్రైనింగ్."

ఆమె సరేనంది. ఇలాంటి చిన్న అబద్ధాలు ట్రావెల్స్ వ్యాపారంలో నిత్యం ఉండేవే. గోవాకు పోయినవాళ్లు ఎందరో ఆమె నోట అన్నవరం పోయారు. ఆ సాయంత్రం నాతో చెప్పుకుని నవ్వింది కూడా. ముసలి తెల్లవాళ్ల మధ్య మన ఆర్గనైజర్లు పంచెలు మడిచి పేకాడుతుంటే ఎలా ఉంటుందో చూడాలనుందని అంది.

నవ్వు ఎంతోకాలం నిలవలేదు. పాస్‌పోర్టుల నకళ్లు తీయించుకోవడానికి ఆ పన్నెండు మందీ ఒక్కొక్కరే నా దుకాణానికి వచ్చారు. విదేశానికి పోయేవాడు ఊరికే ఉండడు, పోతున్నానని నలుగురికి వినపడేలా చెబుతాడు. వీళ్లలో ఒక్కడూ నోరు విప్పలేదు. వనపర్తి నుంచి వచ్చినతను నకళ్లు తీసుకుని, రోడ్డు అటూ ఇటూ చూసి, మోటారు సైకిల్ మీద ముఖానికి రుమాలు కట్టుకుని పోయాడు. ఎండకు కట్టుకున్నాడని నాకు నేను చెప్పుకున్నాను.

తర్వాత ఒకరోజు శ్రవణ్ కుమార్ భార్య జయశ్రీ వచ్చింది. పిల్లలను తీసుకుని రాయచూరులో అమ్మ దగ్గరికి పోతోందట, కారు కావాలంది. ఎన్నాళ్లకని స్వరూప అడిగితే చెప్పలేకపోయింది. ఇంట్లో పెంచుకునే కుక్కను కూడా ఎవరి తోటలోనో వదిలి వచ్చారట. శ్రవణ్ కుమార్ ఆఫీసు మీది బోర్డును రంగు వేయడానికని దించారు, మళ్లీ ఎక్కించలేదు. జయశ్రీ లేచి నిలబడి, పోకుండా, కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"అక్క, ట్రైనింగ్ హైదరాబాద్‌లనే గద? మా ఆయన పండుకుంట లేడు. ఊకె లేచి గేటు తాళం చూసొస్తుండు."

హైదరాబాదులోనేనని స్వరూప చెప్పింది. జయశ్రీ పోయాక చాలాసేపు ఆమె ఫోను ఎత్తలేదు. ఒక మనిషి భార్యకు తెలియకుండా తాగడానికి పోతుంటే భార్యకు కోపముంటుంది, అనుమానముంటుంది. జయశ్రీ ముఖంలో ఉన్నది భయం. దేనికి భయమో స్వరూపకు అంతుపట్టలేదు.

ఆ వారమే వెంకటన్న గద్వాల వచ్చాడు. అతనితో వాళ్ల ఊరి జములమ్మ కూడా ఉంది. ఆమెను చూడగానే నేను తల దించుకుని కాగితాలు సర్దాను. జములమ్మ భర్త పేరు పెద్దన్న. వెంకటన్న పక్క చేనును అతను గుత్తకు, అంటే కౌలుకు, చేసేవాడు. నిరుడు పెద్దన్న విత్తనం ఫెయిలయింది. ఫెయిలయిన వారంలోగా రైతు అడిగితే, ఆర్గనైజరు ఎదుట గోదాములో సంచి విప్పి రెండోసారి పరీక్షకు గింజలు తీయాలని వీళ్ల కంపెనీ ఒప్పందంలో ఉంది. వారం దాటితే సంచులు నూనె మిల్లుకు పోతాయి. పెద్దన్న ఆ వారమంతా శ్రవణ్ కుమార్ ఇంటి చుట్టూ తిరిగాడు. అతను ఊళ్లో లేడు, ఫోను కలవలేదు. సంచులు పోయాయి. పెద్దన్న చేనులోనే పురుగుల మందు తాగాడు.

మా దగ్గర ఒక పాడు అలవాటుంది. విత్తనం ఫెయిలయితే గింజ తప్పిందని ఎవరూ అనరు. చెయ్యి తప్పిందంటారు. మొగ్గలు గిల్లింది ఆడవాళ్లు, పుప్పొడి అంటించింది ఆడవాళ్లు, కాబట్టి ఏ మొగ్గో వదిలేసింది వాళ్లేనంటారు. పెద్దన్న చేనులో కూలీలు లేరు, అంతా జములమ్మ చేతి పనే. కర్నూలు దవాఖానలో పెద్దన్న ఆమెతో అన్న చివరి మాట అదే, నీ చెయ్యి తప్పిందని. ఊరు దాన్ని పట్టుకుంది. చేను గుత్తకిచ్చినాయన దాన్ని వెనక్కి తీసుకున్నాడు. కూలికి కూడా ఏ చేనులోకీ రానివ్వలేదు. అది చెడ్డ చెయ్యి అన్నారు.

వెంకటన్న ఒక్కడే ఆమెను పిలిచి తన చేనులో పని ఇచ్చాడు. భార్య వద్దన్నది, పెద్దమనుషులు వద్దన్నారు. అతను వినలేదు. ఆ మూడు నెలలూ జములమ్మ చేసిన పని చూసినవాళ్లు చెబుతారు. అందరూ ఇళ్లకు పోయాక కూడా ఆమె సాళ్ల వెంట వంగి, గిల్లిన ప్రతి మొగ్గనూ మళ్లీ చూసుకుంటూ వచ్చేదట. ఈ విత్తనం పాసయితే వెంకటన్న బతుకుతాడు, ఆమె చెయ్యి మీది మచ్చ పోతుంది. ఫెయిలయితే నడిగడ్డలో ఏ చేను గట్టు మీదా ఆమెను నిలబడనివ్వరు. ఇక వెంకటన్న ఏం చేస్తాడో ఎవరూ పైకి అనేవాళ్లు కాదు. అతను కూడా పెద్దన్నలాగే లోపల దాచుకునే మనిషి.

వెంకటన్న అడగడానికి వచ్చింది ఒక్కటే. రిజల్టు వచ్చే వారంలో శ్రవణ్ కుమార్ ఊళ్లో ఉంటాడా అని. స్వరూప ట్రైనింగ్ అని చెప్పింది. చెప్పేటప్పుడు నవ్వును ఆపుకుంటున్న ముఖం పెట్టింది, అదేదో మగవాళ్ల వ్యవహారమన్నట్టు. వెంకటన్నకు ఊపిరి తిరిగింది. హైదరాబాదే కదా, ఫోను ఎత్తుతాడు, పిలిస్తే సాయంత్రానికి వస్తాడు అన్నాడు. జములమ్మ మాత్రం గడప దగ్గరే నిలబడి స్వరూప ముఖంలోకే చూసింది.

మే మూడో వారంలో శ్రవణ్ కుమార్ ఫోను చేసి ప్రయాణం రెండు రోజులు ముందుకు జరపమన్నాడు. ఓడ తేదీ మారదు, అంతకుముందే సింగపూర్ చేరి అక్కడే ఉంటామన్నాడు. విమానం టికెట్లు మారిస్తే కట్నాలు చదివించినట్టు కట్టాలని ఆమె చెప్పింది. చాయ్ దగ్గర కూడా బేరమాడే మనిషి, ఒక్క మాట అనకుండా కట్టేశాడు. మర్నాడు వెంకటన్న ఫోను చేసి మామూలుగా ఏదో మాట్లాడుతూ, రిజల్టు రెండు రోజులు ముందే వస్తుందంట చెల్లె అన్నాడు.

స్వరూప ఫోను పెట్టేసింది. తర్వాత లేచి నా దుకాణంలోకి వచ్చి, కుండలో నీళ్లు ముంచుకుని తాగి, నేలకేసి చూస్తూ వరుసగా చెప్పుకుంటూ పోయింది. ఫోను మోగని ఓడ. మధ్యలో ఆగని ఓడ. నంబరు ఎవరికీ ఇవ్వొద్దనడం. కుక్కను వదిలేయడం. బోర్డు దించడం. పన్నెండు మందికీ కంపెనీ బహుమతి. పంట బాగున్న ఏడు ఇవ్వని బహుమతి, ఎవరి ముఖాన చూసినా నెత్తురు చుక్క లేని ఏడు ఎందుకిచ్చింది? వాళ్లు సముద్రం చూడడానికి పోవడం లేదు. రెండో పరీక్ష అడిగే వారం దాటించడానికి పోతున్నారు. వాళ్లకు ఓడ వెతికిపెట్టింది తనే. మూడు ఓడల్లో ఎవరికీ అందనిదాన్ని చూసి మరీ, మెచ్చుకుంటారని ఎదురుచూస్తూ వెతికిపెట్టింది. ఆమె ఏడవలేదు. ఆమెకు వచ్చింది కోపం, అదీ ఎక్కువగా తన మీదే.

శ్రవణ్ కుమార్ ఇంటికి పోయింది. తాళం. ఐజ బస్సెక్కి వెంకటన్న ఊరు పోయింది. చేను గట్టు మీద అన్నకు అంతా చెప్పింది, ట్రైనింగ్ అబద్ధం తనదేనని కూడా చెప్పింది. వెంకటన్న పక్కన పెద్దన్న చేసిన చేను వైపు చూస్తూ కూర్చున్నాడు. ఆ చూపు చూసి ఆమె భయపడింది. జములమ్మ దగ్గర్లోనే కట్టెలు ఏరుతోంది. విన్నదో లేదో తెలియలేదు.

ఇల్లు ముట్టడిస్తే లాభం లేదు, ఇంట్లో ఎవరూ లేరు. విమానాశ్రయం దగ్గర వీళ్లను లోపలికి రానివ్వరు. అప్పుడు స్వరూపే చెప్పింది, బీచుపల్లిలో ఆగుతారని. గద్వాల నుంచి హైదరాబాదు పోయే ఏ బండీ కృష్ణ దాటకముందు బీచుపల్లి ఆంజనేయుడికి కొబ్బరికాయ కొట్టకుండా ముందుకు పోదు. దొంగతనానికి పోయేవాడు కూడా కొట్టే పోతాడు. మినీ బస్సు ఆమెదే, డ్రైవరుకు కాయలు కట్టి ఇచ్చేది ఆమే. ఈ పని చేస్తే జిల్లాలో ఆర్గనైజరన్నవాడు మళ్లీ తన దుకాణం మెట్లు ఎక్కడని ఆమెకు తెలుసు. వేసవంతా ఆమెకు తిండి పెట్టేది వాళ్లే. అన్న ఆ మాట అంటే ఆమె విసుక్కుంది.

"ఎద్దులు అమ్మిననాడు నువ్వు నన్ను అడిగినవా అన్న?" అంది.

ప్రయాణం రోజు పొద్దున్నే ఎండ మండుతోంది. మినీ బస్సులో పన్నెండు మందీ కిటికీ తెరలు వేసుకుని కూర్చున్నారు. అందరికీ ఒకే రకం కొత్త టోపీలు, కంపెనీ పంపినవి. స్వరూప డ్రైవరు పక్కన కూర్చుంది. ఎర్రవల్లి దాటాక వెనక ఎవరో తొందరగా కానీమన్నారు. బీచుపల్లిలో బస్సు ఆగింది. శ్రవణ్ కుమార్ చెప్పులు విడిచి, కొబ్బరికాయ పట్టుకుని దిగాడు. గుడి మెట్ల మీద రైతులు కూర్చుని ఉన్నారు. ఆడవాళ్లూ మగవాళ్లూ కలిసి, మెట్లు కనిపించనంత మంది. కేకలు లేవు. ఒక్కరూ లేవలేదు. అతను వెనక్కి చూస్తే బస్సు దగ్గర కూడా మనుషులు వచ్చి నిలబడ్డారు. స్వరూప దిగి నిలబడింది. అతను ఆమెను చూశాడు.

"నువ్వేనా అక్క" అన్నాడు.

"నేనే" అంది.

వెంకటన్న పళ్లెంలో కర్పూరం వెలిగించి తెచ్చాడు. అతని గొంతులో కోపం కూడా లేదని, అదే ఎక్కువ భయపెట్టిందని స్వరూప తర్వాత నాతో అంది.

"శ్రవణ్ సారు, రిజల్టు ఫెయిలొస్తదని మాకు సమజైంది. నువ్వు యాడికన్న పో. కని పోయేముందు గోదాముకొచ్చి, మా ముంగల సంచి విప్పి, రెండోసారి గింజలు తీపిస్తనని ఆంజనేయుని ముంగల ఒట్టేయి."

శ్రవణ్ కుమార్ మొదట కంపెనీ మేనేజరుతో మాట్లాడతానన్నాడు. తర్వాత తన చేతిలో ఏమీ లేదన్నాడు. వెంకటన్న పళ్లెం పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మా దగ్గర దేవుడి ముందు అబద్ధపు ఒట్టు వేస్తే అది పిల్లలకు తగులుతుందంటారు. శ్రవణ్ కుమార్‌కు ఇద్దరు పిల్లలు. అతను కూడా రైతు కొడుకే, చిన్నప్పుడు పూలకు పుప్పొడి అంటించినవాడే. చెయ్యి కర్పూరం దాకా తెచ్చి ఆపేశాడు. కొబ్బరికాయ కింద పెట్టి, దాని పక్కనే తానూ కూర్చున్నాడు.

"ఒట్టు వెయ్య వెంకటన్న. పది సార్లు తీసినా ఫెయిలే. మీ పని తప్పుగాలే. మీకిచ్చిన ఆడ గింజలే కల్తీవి. పూత మీదున్నప్పుడే మాకు తెల్సింది. సంచి విప్పితే గది బయటపడ్తదని కంపెనోళ్లు నోరు మూసుకొని పొమ్మన్నరు."

ఆ తర్వాత జరిగినవన్నీ పేపర్లో వచ్చాయి. టోపీలు చింపడం, పోలీసులు రావడం, బస్సు గద్వాలకు తిరగడం, ఓడ వీళ్లు లేకుండానే కదలడం, గోదాముకు తాళం, కేసు. కేసు నడుస్తోంది, అలాంటివి ఎలా నడుస్తాయో అందరికీ తెలుసు. స్వరూప మళ్లీ మంగళవారం జీపులు తిప్పుకుంటోంది. కొన్నాళ్లు అన్న ఇంట్లోనే పడుకుంది, అతన్ని ఒంటరిగా చేనుకు పోనివ్వలేదు. కానీ పేపర్లో రానిది ఒకటి జరిగింది. పోలీసులు రాకముందు జరిగింది.

శ్రవణ్ కుమార్ ఆ మాట చెప్పగానే అందరూ ఒక్కసారి మీదికి లేచారు. జములమ్మ వాళ్ల మధ్య నుంచి దారి చేసుకుంటూ వచ్చింది. ఆమెను చూసి ఒక్కొక్కరే తప్పుకున్నారు. ఆమె అతనికి ఎదురుగా నేల మీద కూర్చుంది. చేతులు రెండూ ఒడిలో పెట్టుకుంది.

"పోయినేడు గూడనా సారు?" అంది.

అతను తల ఎత్తకుండానే చెప్పాడు.

"పోయినేడు గూడ గవే గింజలు."

ఆమె తల ఊపింది, తెలిసిన సంగతే మళ్లీ విన్నట్టు. తిట్టలేదు, కొట్టడానికి పోలేదు. గొంతు కూడా పెంచలేదు.

"నా చెయ్యి తప్పిందనుకుంటనే పోయిండు ఆయన. గీ మాట ఇప్పుడు ఆయనకు ఎవలు చెప్పాలె?"

మెట్ల మీద ఉన్నవాళ్లు ఆమె వైపు చూడలేకపోయారు. అది చెడ్డ చెయ్యి అని నిరుడు అన్నవాళ్లలో సగం మంది అక్కడే ఉన్నారు.